సంగీతం ఫీజు డబ్బుగా కాకుండా పనిగా ఇవ్వొచ్చా?

పాప_వాళ్ళమ్మ: పొద్దున్నుంచి వెతికి వెతికి తల వాచిపోయింది, పనికొచ్చేది ఒక్కటీ దొరకలేదు. సంగీతం ఫీజు ఒక్కసారిగా పెంచేశారు. అంత కట్టలేను, మాన్పించడానికి మనసు రావట్లేదు. డబ్బు బదులు నాకొచ్చిన పని చేసిపెడతానంటే తప్పుగా అనుకుంటారా? లెక్క ఎలా వేసుకోవాలి? అర్జెంట్, రేపే క్లాసు.

తూర్పుగాలి: ఏ ఊరు? ఏ వాయిద్యం? ఫీజెంత? మీకొచ్చిన పనేంటి?

కాఫీరాగం: విద్యకి రేటు కట్టిన రోజే అంతా చెడింది. పూర్వం గురువుగారింట్లో ఉండి, నీళ్ళు తోడి, కాళ్ళు పట్టి నేర్చుకునేవారు. ద్వారం వెంకటస్వామి నాయుడు గారు వయొలిన్ వాయించిన నేల ఇది, ఇక్కడ బేరాలా?

తూర్పుగాలి: ద్వారం వారికి విజయనగరం సంగీత కళాశాలలో ఉద్యోగం ఉండేది సార్. 1919లో రాజావారు పెట్టిన కాలేజీలో ఆచార్యులు, తర్వాత ప్రిన్సిపాల్. ఇల్లిల్లూ తిరిగి పాఠం చెప్పేవాళ్ళకి ఆ జీతం ఎవరిస్తారు? ముందు ఆవిణ్ణి మాట్లాడనివ్వండి.

పాప_వాళ్ళమ్మ: అయ్యో, చెప్పలేదా. విజయవాడ. వయొలిన్. పాప ఇంకా తొలి పాఠాల్లోనే, జంట స్వరాల్లో ఉంది. మేడమ్ ఇంటికొచ్చి నెలకి 8 క్లాసులు చెప్తారు. 2,500 ఉండేది, ఇప్పుడు 4,000. నేను బ్లౌజులు కుడతాను, లైనింగ్‌తో 600 తీసుకుంటాను.

పద్దులపుస్తకం: జీఎస్టీ చట్టం 7వ సెక్షన్‌లో వస్తుమార్పిడి కూడా సరఫరా కిందకే వస్తుంది, గమనించాలి. సేవలకైతే ఏడాదికి 20 లక్షలు దాటితే రిజిస్ట్రేషన్...

తూర్పుగాలి: 20 లక్షల బ్లౌజులా?

వీణపాఠం: నేను వీణ చెప్తాను, ఒక పిల్లాడి విషయంలో ఇలాగే చేశాం, అందుకని చెప్తున్నా. మొత్తం ఫీజుకి బదులు కుడతానని మాత్రం అనకండి. 4,000 అంటే దాదాపు ఏడు బ్లౌజులు, ఏ మేడమ్‌కీ నెలనెలా ఏడు అక్కర్లేదు, రెండో నెలకే కుట్టించుకునే బట్ట అయిపోతుంది, ఆవిడకి మొహమాటం, మీకు టెన్షన్. సగం డబ్బు, సగం పని అనండి. మేడమ్ వాళ్ళ అక్కచెల్లెళ్ళ బ్లౌజులు, మిగతా పిల్లల కచేరీ లంగాలు కూడా ఆ లెక్కలోకే రానివ్వండి. లైనింగ్ గుడ్డ, హుక్కులు డబ్బిచ్చి తీసుకోండి, మీ చేతి పని మాత్రమే ఫీజులో తగ్గించండి. ఒక నోటుబుక్కులో ఇద్దరూ సంతకాలు పెట్టుకోండి. ఇంకోటి, వయొలిన్ వాళ్ళకి బో (కమాను) పట్టే కుడిచెయ్యి చంక దగ్గర పట్టేస్తుంది. అక్కడ కాస్త లూజు వదిలి ఒక్కటి కుట్టి చూపించండి, మిగతాది ఆవిడే మాట్లాడతారు.

కాఫీరాగం: ఘంటసాల వారి పేరుతో మీ ఊళ్ళోనే ప్రభుత్వ సంగీత కళాశాల ఉంది కదమ్మా! సర్టిఫికెట్ 4 ఏళ్ళు, డిప్లొమా 2 ఏళ్ళు. అక్కడ చేర్చక ఈ కుట్టుపనేంటి?

పాప_వాళ్ళమ్మ: మాకు దూరం సార్, తీసుకెళ్ళేవాళ్ళు లేరు.

పద్దులపుస్తకం: 8 క్లాసులంటే నెలకా, 8 పూర్తయ్యేదాకానా? మేడమ్ రాని రోజు ఎవరి ఖాతా?

వీణపాఠం: టీచరు మానేస్తే ఇంకో రోజు చెప్పాలి, పిల్ల మానేస్తే పోయినట్టే.

పద్దులపుస్తకం: అదెక్కడి న్యాయం? జ్వరమొస్తే?

వీణపాఠం: మా టైము మాకు తిరిగొస్తుందా?

తూర్పుగాలి: దానికి వేరే పోస్టు పెట్టుకోండి.

పాప_వాళ్ళమ్మ: మాట్లాడాను. సగం సగం ఒప్పుకున్నారు, శ్రావణమాసంలో మాత్రం పూర్తిగా డబ్బే, అప్పుడు నాకూ ఖాళీ ఉండదు. ఫాల్, పీకో ఫ్రీగా అడిగారు, సరే అన్నాను. థాంక్స్.

పద్దులపుస్తకం: ఫాల్‌కి నోటుబుక్కులో ఎంత రాశారు?

కరెంటుపని: మా బాబుకి మృదంగం కావాలి, గుణదల వైపు. వైరింగ్ పని చేసిపెడతాను, ఎవరైనా ఉన్నారా?