1812 యుద్ధం: సంధి కుదిరిన తరువాత కూడా పోరు ఎందుకు సాగింది?

ప్రశ్న (కడప, ఉపాధ్యాయుడు):
అమెరికా, బ్రిటన్‌ల మధ్య 1814 డిసెంబరు 24న గెంట్ నగరంలో సంధిపై సంతకాలు జరిగాయి కదా, మరి 1815 జనవరి 8న న్యూ ఆర్లీన్స్ వద్ద అంత రక్తపాతం ఎందుకు జరిగిందని మా తరగతిలో ఒక అమ్మాయి అడిగింది. నా జవాబు నాకే తృప్తినివ్వలేదు. పెద్దలు వివరించగలరు.

జవాబు (అనంతపురం):
మాస్టారూ, తెరచాప ఓడల మీద వార్త సముద్రం దాటడానికి వారాలు పట్టేదన్నది నిజమే కానీ, అది సగం కారణమే. ఇరుపక్షాలూ ఆమోదించాకే పోరు ఆగాలని ఆ సంధిలోనే ఉంది. అమెరికా సెనేట్ 1815 ఫిబ్రవరి 16న ఆమోదించింది. కనుక యుద్ధం ముగిశాక ఆ పోరు జరిగిందనడం సరికాదు. ఆరంభంలోనూ ఇదే ఆలస్యం కనిపిస్తుంది: 1812 జూన్ 18న అమెరికా యుద్ధం ప్రకటించగా, తటస్థ దేశాల వర్తకాన్ని అడ్డుకున్న ఉత్తర్వులను బ్రిటన్ జూన్ 23న రద్దు చేసింది. అయితే అమెరికా నావికులను బలవంతంగా తన నౌకాదళంలో చేర్చుకోవడం మానలేదు కాబట్టి, వార్త ముందే అందినా యుద్ధం తప్పేదని నేను అనను.

జవాబు (కర్నూలు):
పిల్లలకు ఇది కూడా చెప్పండి. 1800లో నిజాం నుంచి మన దత్తమండలాలను పొందిన ఈస్టిండియా కంపెనీకి చెందిన నాటిలస్ అనే ఓడపై, 1815 జూన్ 30న సుందా జలసంధిలో అమెరికా నౌక పీకాక్ కాల్పులు జరిపింది. సంధి జరిగిందని కంపెనీ అధికారి చెప్పినా అమెరికా కెప్టెన్ వారింగ్టన్ నమ్మలేదు. ప్రాణాలు పోయాక, మరునాడు ఓడను తిరిగి ఇచ్చేశాడు.