కెర్నెల్ మారాక వర్చువల్‌బాక్స్ లేవడం లేదు, శుభలేఖ లోపల ఇరుక్కుంది

కావలి డీటీపీ:
అన్నలూ, కావలి ట్రంకు రోడ్డులో నాది చిన్న డీటీపీ షాపు. ఉబుంటు 22.04 (లినక్స్) మీద వర్చువల్‌బాక్స్ 7.0, అంటే కంప్యూటర్ లోపల ఇంకో కంప్యూటర్ నడిపేది. దాంట్లో విండోస్ ఎక్స్‌పీ, అందులో పేజీలు కట్టే పేజ్‌మేకర్ 7, తెలుగుకి అను ఫాంట్లు. ఇంకా పేజ్‌మేకరేంటని అడక్కండి. పన్నెండేళ్ల శుభలేఖలు అందులోనే ఉన్నాయి. ఆ అక్షరాలు యూనికోడ్ కావు. ఫైలు ఇంకెక్కడ తెరిచినా చి.ల.సౌ. ఉండాల్సిన చోట పిచ్చి ఇంగ్లిష్ గుర్తులొస్తాయి.

రాత్రి అప్‌డేట్ పెట్టి షట్టర్ దించాను. దాంతో కెర్నెల్, అంటే ఉబుంటు గుండెకాయ, కొత్తది వచ్చింది. పొద్దున ఎక్స్‌పీ ఆన్ చేస్తే 'కెర్నెల్ డ్రైవర్ నాట్ ఇన్‌స్టాల్డ్, ఆర్‌సీ మైనస్ 1908' అంటోంది. డ్రైవర్‌ని మళ్లీ కట్టే వీబాక్స్‌కాన్ఫిగ్ కమాండ్ నడపమని అదే చెబుతుంది, నడిపితే అదీ ఫెయిలే. రెండుసార్లు తీసేసి మళ్లీ ఎక్కించాను. లాభం లేదు. అసలే మాఘమాసం ముహూర్తాలు. అల్లూరు నుంచి పెళ్లికూతురి నాన్న వచ్చి ఎదురుగా స్టూలు మీద కూర్చున్నాడు. సాయంత్రానికి మ్యాటర్ నెల్లూరు ప్రెస్సుకి చేరాలి. టెన్షన్‌తో చేతులాడటం లేదు.

ఒంగోలు ల్యాబ్:
సెక్యూర్ బూట్ (సంతకం లేని డ్రైవర్లని ఎక్కనివ్వని సెట్టింగు) ఆన్‌లో ఉందేమో చూడండి. మా కాలేజీ ల్యాబులో ఇదే తలనొప్పి. బయోస్‌లో ఆపేస్తే సరిపోతుంది.

సింగరాయకొండ:
అన్నా, ముందు పెద్దాయనకి టీ చెప్పు.

తర్వాత రీస్టార్ట్ చేసి, మొదట్లో వచ్చే గ్రబ్ మెనూలో 'అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్' కింద పాత కెర్నెల్ ఎంచుకో. నువ్వు తీసి మళ్లీ ఎక్కించావు కాబట్టి దాని కోసం కట్టిన వర్చువల్‌బాక్స్ డ్రైవర్ (మాడ్యూల్) కూడా పోయుంటుంది. అక్కడికెళ్లాక వీబాక్స్‌కాన్ఫిగ్ ఇంకోసారి నడుపు. ఇవాళ్టికి గండం గడుస్తుంది.

సెక్యూర్ బూట్ జోలికి ఇప్పుడే వెళ్లొద్దు. నిన్నటిదాకా నడిచింది కదా. సమస్య అదైతే 'కీ వాజ్ రిజెక్టెడ్ బై సర్వీస్' అని తిట్టేది. వార్ లాగ్ ఫోల్డర్‌లో వీబాక్స్-సెటప్ లాగ్ ఉంటుంది. అందులో 'ఎర్రర్' అని మొదట ఎక్కడ వచ్చిందో ఆ లైను పెట్టు. చివరి లైను చూస్తే ఏమీ తెలియదు.

కావలి డీటీపీ:
పాత 6.2లో లేచింది! ఎక్స్‌పీ గంట మోగగానే పెద్దాయన కూడా స్టూలు మీంచి లేచాడు. కొత్త 6.5 లాగులో మొదటి లైను ఇది: 'జీసీసీ ఎర్రర్, అన్‌రికగ్నైజ్డ్ కమాండ్ లైన్ ఆప్షన్, ఎఫ్‌ట్రివియల్ ఆటో వార్ ఇనిట్'. డ్రైవర్ కట్టడానికి కావాల్సిన కెర్నెల్ హెడర్ ఫైళ్లు ఉన్నాయి, చూశాను.

సింగరాయకొండ:
దొరికింది. వీబాక్స్‌డ్రైవ్ అనే వర్చువల్‌బాక్స్ డ్రైవర్ ప్రతి కెర్నెల్‌కీ విడిగా కంపైల్ కావాలి, అదీ ఆ కెర్నెల్‌ని ఏ ఆప్షన్లతో కట్టారో వాటితోనే. నీ 6.5ని జీసీసీ అనే కంపైలర్ 12వ వెర్షన్‌తో కట్టారు. 22.04లో మామూలుగా ఉండేది 11. ఆ ఆప్షన్ 12లోనే వచ్చింది, 11కి దాని మొహమే తెలియదు. నమ్మకపోతే ప్రాక్‌లో వెర్షన్ అనే ఫైలు తెరువు, ఏ కంపైలరో రాసుంటుంది.

సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ జీసీసీ-12. అప్‌డేట్-ఆల్టర్నేటివ్స్‌తో జీసీసీ అన్న పేరు 12ని చూపేలా పెట్టు. 6.5లోకి వచ్చి మళ్లీ వీబాక్స్‌కాన్ఫిగ్. కానీ కార్డు వెళ్లాకే ఇవన్నీ. బేరం ఎదురుగా ఉండగా కెర్నెల్‌తో ఆటలొద్దు.

ఒంగోలు ల్యాబ్:
అయితే మా ల్యాబులోనూ ఇదేనేమో. అనవసరంగా అన్నిట్లో సెక్యూర్ బూట్ ఆపేశాం.

కావలి డీటీపీ:
రాత్రి తొమ్మిదింటికి కూర్చుని చేశాను. 6.5లో ఎక్స్‌పీ నడుస్తోంది. సింగరాయకొండ తమ్ముడూ, కావలి వస్తే భోజనం మా ఇంట్లోనే.

శుభలేఖ మాత్రం ఇంకా ప్రెస్సుకి పోలేదు. ప్రూఫ్ చూస్తూ పెద్దాయన ఒక్కసారిగా ఆగిపోయాడు. పాత కార్డు మీదే కొత్త పేర్లు కొట్టాను కదా, పిల్ల తాతగారి పేరు ముందు కీ.శే. అలాగే ఉండిపోయింది. ఆయన బయట ఆటోలో కూర్చునున్నాడట.