టైప్ 1 డయాబెటిస్ గురించి స్కూలు కౌన్సెలర్‌కు ఎలా వివరించాలి?

మేం హనుమకొండలో ఉంటాం. మా పాప ఏడో తరగతి. టైప్ 1 డయాబెటిస్ వల్ల రోజూ ఇన్సులిన్ తీసుకుంటుంది. స్కూలు కౌన్సెలర్ మేడమ్ మంచి మనిషి, పిల్లలంటే ప్రేమ. కానీ మిఠాయిలు తినడం వల్లే ఇది వచ్చిందని ఆమె నమ్మకం. రోగనిరోధక వ్యవస్థే క్లోమంలో ఇన్సులిన్ తయారుచేసే కణాలను నాశనం చేస్తుందని, తిండి దీనికి కారణం కాదని ఎంత చెప్పినా, "కొంచెం నోరు కట్టుకోవాలమ్మా" అని పాపకే బోధిస్తున్నారు. ఆ మాట విన్న రోజు పాప ఇంట్లో అన్నం ముట్టడం లేదు. ఇన్సులిన్ తీసుకునే పిల్ల తినకుండా ఉండటం ఎంత ప్రమాదమో!

షుగర్ 70 కంటే తగ్గితే చేతులు వణుకుతాయి, చెమటలు పడతాయి, విపరీతమైన చిరాకు వస్తుంది. ఆ చిరాకును ఆమె క్రమశిక్షణ లోపంగా రాసుకున్నారు. షుగర్ అలా తగ్గినప్పుడు వెంటనే 15 గ్రాముల గ్లూకోజు ఇచ్చి, 15 నిమిషాలకు మళ్లీ పరీక్షించాలి. ఆ గ్లూకోజునేమో ఆఫీసు గదిలో పెట్టమంటున్నారు.

సీబీఎస్ఈ 2017లోనే ఇలాంటి పిల్లలను బోర్డు పరీక్షలకు చక్కెర బిళ్లలు, పండ్లు తెచ్చుకోనిచ్చింది. మాది స్టేట్ సిలబస్. ఇలాంటి పిల్లలకు స్కూల్లో ఇవ్వాల్సిన వెసులుబాట్ల గురించి 2023లో జాతీయ బాలల హక్కుల పరిరక్షణ కమిషన్ రాష్ట్రాలకు రాసిన లేఖ చూపిస్తే వింటారా? డాక్టరు లేఖ మేలా?

వరంగల్, కరీంనగర్ వైపు తల్లిదండ్రులు, టీచర్లు ఎవరైనా దీన్ని ఎదుర్కొన్నారా? మేడమ్ మనసు నొప్పించకుండా ఎలా మొదలుపెట్టాలి?