చర్చి ఫాదర్ మీద ఆరోపణ... ఇంట్లో రోజూ గొడవే, ఏటి చెయ్యమంటారు?

మాది విజయనగరం దగ్గర పల్లె, తాతల కాడ్నుంచీ ఆర్‌సీఎం (రోమన్ కాథలిక్) వాళ్లం. మా అక్క కొడుకు, 12 ఏళ్లు, పూజకి సాయం చేసేవాడు. నెలై గుడికెళ్లనంటే బద్ధకమనుకుని నేనే తిట్టాను, మొన్న రాత్రి అన్నం కలుపుతూ కలుపుతూ ఆపేసి ఫాదర్ ఏం చేశాడో చెప్పాడు. అమ్మేమో దేవుడి మనిషి మీద నింద వేస్తే పాపం అంటంది, హాల్లో ఆయన మాతో దిగిన ఫోటో ఇంకా అలాగే ఉంది. బావ బిషప్ గారికి చెప్పి ఊరుకుందాం అంటున్నాడు.

రిప్లై 1: బిషప్‌కి చెప్పండి, 2019లో పోప్ ఫ్రాన్సిస్ తెచ్చిన రూల్ ప్రకారం చర్చి విచారించాల్సిందే. కానీ అది పోలీస్ కేసుకి బదులు కాదండీ. పోక్సో (పిల్లల మీద లైంగిక నేరాల) చట్టం 19వ సెక్షన్ ప్రకారం తెలిసినోళ్లు చెప్పి తీరాలి, చెప్పకపోతే 6 నెలల దాకా జైలు. ముందు పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చెయ్యండి.

రిప్లై 2: గుంటడ్ని స్టేషన్‌కి తిప్పక్కర్లేదు తమ్ముడూ, యూనిఫాం లేకుండా ఇంటికే వచ్చి వాంగ్మూలం తీసుకోవాలి. పేరు బయటకి రాకూడదు, మీరూ ఊరి పేరు రాయకండి ఇక్కడ. పదిమంది పదిసార్లు అడిగి వాడి చేత మళ్లీ మళ్లీ చెప్పించొద్దు.

రిప్లై 3: అమ్మగారితో వాదన తర్వాత. ఆ ఫోటో ఈ రాత్రికే తీసెయ్యండి.

ప్రశ్న అడిగినవాడు: తీసేశానండి. అమ్మ ఏం అన్లేదు, మేకు మాత్రం అలాగే ఉంది. రేపు అక్కా నేనూ వెళ్తున్నాం.