అప్‌డేట్: మెయిన్ డోర్‌కి డిజిటల్ లాక్ వేయించేశాం

కూకట్‌పల్లిలో పాత ఫ్లాట్ కొన్నాం, డూప్లికేట్ తాళంచెవులు ఎవరెవరి దగ్గరున్నాయో తెలీదు, మామూలు తాళం మార్చాలా డిజిటల్‌కి వెళ్లాలా అని అడిగా కదా, చివరికి డిజిటలే (వేలిముద్రతో, కార్డుతో, పిన్‌తో తెరుచుకునేది) వేయించాం.

కరెంట్ పోతే బయటే పడుకోవాలి అని భయపెట్టినవాళ్లకి: దానికి కరెంట్‌తో పనే లేదండీ, లోపలివైపు నాలుగు ఏఏ బ్యాటరీలు, అయిపోవస్తుంటే ముందే బీప్ బీప్‌మని గోల చేస్తుందట, అయినా పట్టించుకోకపోతే బయట కిందివైపు రెండు చిన్న పాయింట్లున్నాయి, వాటికి 9 వోల్టుల బ్యాటరీ ఆనించి పిన్ కొడితే తెరుచుకుంటుంది. ఫిట్టింగ్ అబ్బాయితో దగ్గరుండి చేయించి చూశా.

అత్తయ్యగారి వేలిముద్ర మాత్రం పడట్లేదు, ఏళ్ల తరబడి పని చేసిన చేతులు కదా, గీతలు అరిగిపోయాయి. కార్డు ఇచ్చాం, కొంగుకి ముడేసుకుని తిరుగుతున్నారు 😄

నాకు బాగా నచ్చింది పనమ్మాయికి వేరే పిన్ పెట్టుకోవడం, పొద్దున పూట మాత్రమే పనిచేస్తుంది, రేపు మానేస్తే డిలీట్ కొట్టేయడమే. ఇంకోటి, అసలు పిన్‌కి ముందూ వెనకా పిచ్చి అంకెలు కొట్టినా తీసుకుంటుంది, లిఫ్ట్ దగ్గర ఎవరైనా తొంగిచూసినా అర్థం కాదు.

లాక్‌ని నెట్‌కి కలిపే వైఫై గేట్‌వే అనే డబ్బా తీసుకోలేదు. ఆఫీసులో కూర్చుని తలుపు తీయాల్సిన పని మాకేముంది, అనవసరంగా నెట్‌కి తగిలించడం దేనికి. కంపెనీ పెట్టిన మాస్టర్ పిన్ (లాక్ సెట్టింగులు మార్చే అసలు పిన్) కూడా ఫిట్టింగ్ అబ్బాయి వెళ్లాక మేమే మార్చేశాం, ఇది మాత్రం ఎవరూ మర్చిపోకండి. ఎమర్జెన్సీ తాళంచెవి ఒకటి మియాపూర్‌లో అక్కావాళ్లింట్లో పెట్టాం.