గ్రీకు ట్రాజెడీ డయొనైసస్ పూజలోంచి పుట్టిందా?

సూత్రధార:
పుట్టిందనే నా వాదన. డిథిరాంబ్ అంటే మద్యానికి దేవుడైన డయొనైసస్ మీద బృందం ఆడుతూ పాడే పాట. ఆ పాటను ముందుండి ఎత్తుకునేవాళ్ల దగ్గరే ట్రాజెడీ, అంటే విషాద నాటకం, మొదలైందని అరిస్టాటిల్ కావ్యశాస్త్రం నాలుగో అధ్యాయంలో రాశాడు. ఏథెన్స్‌లో నాటకాల పోటీ జరిగిందీ ఆ దేవుడి ఉత్సవంలోనే. ‘ట్రగోయిదియా’ అన్న పేరుకు అర్థమే మేకపాట. బలి వాసన పేరులోనే ఉంది.

నేపథ్య:
సూత్రధార గారూ, ఆ సమాసానికి విగ్రహవాక్యం చెప్పండి. మేక కొరకు పాటా? మేకల యొక్క పాటా? చతుర్థి అయితే మేక బహుమతి. తొలి నటుడని చెప్పే థెస్పిస్‌కు మేకను బహుమానంగా పెట్టారని పారోస్ దీవి శాసనంలో ఉంది. షష్ఠి అయితే మేక వేషాల బృందం. కానీ క్రీ.పూ. అయిదో శతాబ్దపు ఏథెన్స్ కుండల మీది సాటిర్లకు, అంటే డయొనైసస్ వెంట తిరిగే సగం మనిషి సగం జంతువు రూపాలకు, ఉన్నవి గుర్రం చెవులు, గుర్రం తోక. బలి అన్నది మూడో ఊహ. పేరు ఒక్కటే దేన్నీ తేల్చదు.

ఇంకో చిక్కు. డిథిరాంబ్ మారిపోయి ట్రాజెడీ అయిందంటే పాతది పోవాలిగా! అదే ఉత్సవంలో పది తెగల తరఫున, తెగకు 50 మంది పురుషులు, 50 మంది బాలురు వలయంగా నిలబడి డిథిరాంబ్ పాడుతూనే ఉన్నారు. ట్రాజెడీ బృందమేమో నాటకకర్త సోఫోక్లీస్ నాటికి 15 మంది, వరసలు కట్టి నడిచేవాళ్లు. మనదాకా మిగిలిన ముప్ఫై పైచిలుకు ట్రాజెడీల్లో డయొనైసస్ పాత్రగా వచ్చేది మరో నాటకకర్త యురిపిడిస్ ‘బాకై’లో మాత్రమే. ‘దీనికీ డయొనైసస్‌కీ ఏం సంబంధం’ అన్నది గ్రీకుల్లోనే సామెత.

ఛందోమిత్ర:
అరిస్టాటిల్‌ను అంత తేలిగ్గా పక్కన పెట్టలేం. మొదట్లో సంభాషణ ట్రోకాయిక్ టెట్రామీటర్‌లో ఉండేదని, తర్వాత అయాంబిక్‌కు మారిందని ఆయనే చెప్పాడు. ట్రోకీ అంటే మన గలం, గురువు తర్వాత లఘువు. అయాంబ్ లగం. మనకు దక్కినవాటిలో అన్నిటికన్నా పాతది నాటకకర్త ఈస్కిలస్ ‘పర్షియన్లు’, క్రీ.పూ. 472. అందులో రాణి వచ్చే 155వ పాదం నుంచి 175 దాకా నడక ట్రోకాయిక్. 176లో తన కల చెప్పడం మొదలుపెట్టగానే అయాంబిక్ అందుకుంటుంది. పాత నడక ఇంకా వదల్లేదు, చూడండి.

అతుకు భాషలోనూ ఉంది. ‘తల్లి’ని సంభాషణలో ఏథెన్స్ పలుకుబడిలో ‘మేతేర్’ అంటారు. కోరస్ (బృందం) పాటలో అదే మాట డోరిక్ అనే మరో గ్రీకు మాండలికం ఛాయతో ‘మాతేర్’. బృందగానం డోరిక్ సంప్రదాయం నుంచి వచ్చిందనడానికి చెవికి వినపడే సాక్ష్యం ఇది. పాట పక్కన మాటను నిలబెట్టిన మనిషి థెస్పిసో, మరొకరో, చేసిన పని అదే.

సూత్రధార:
ఛందస్సు విషయం బాగా పట్టారు. అయితే నా వాదనకూ అది బలమే. ఈస్కిలస్ ‘శరణార్థినులు’లో సగానికి పైగా కోరస్‌దే. పాట నుంచి నాటకం విడివడుతున్న దశ కదా అది? ‘పర్షియన్ల’ కంటే ముందుదని పెద్ద పండితులే అన్నారు.

నేపథ్య:
అన్నారు, 1952 దాకా. ఆ ఏడు అచ్చయిన ఈజిప్టులోని ఆక్సిరింకస్‌లో దొరికిన పాపిరస్ ముక్కలో ఆ పోటీ ఫలితం ఉంది: ఈస్కిలస్ మొదటి స్థానం, సోఫోక్లీస్ రెండో స్థానం. సోఫోక్లీస్ పోటీకి దిగిందే క్రీ.పూ. 470 ప్రాంతంలో. కాబట్టి ఆ నాటకం 460ల నాటిదని ఇప్పుడు ఎక్కువమంది ఒప్పుకుంటున్నారు, అంటే ‘పర్షియన్ల’ తర్వాతది. కోరస్ పెద్దదిగా ఉంటే పాతదనుకోవడమే తప్పు. అక్కడ కోరస్ అంటే శరణు కోరి వచ్చిన దనాయస్ కూతుళ్లు, కథే వాళ్లది. అందుకే వాళ్లు అంతసేపు పాడతారు.

ఛందోమిత్ర:
చరిత్రకారుడు హెరొడోటస్ అయిదో పుస్తకంలో సిక్యోన్ అనే గ్రీకు నగరం ప్రస్తావన కూడా చూడాలి. అక్కడివాళ్లు అడ్రాస్టస్ అనే వీరుడి కష్టాలను ‘ట్రాజిక్ కోరస్‌ల’తో కొలిచేవారు. క్రీ.పూ. ఆరో శతాబ్దం మొదట్లో పాలకుడు క్లైస్థెనీస్ ఆ కోరస్‌లను డయొనైసస్‌కు అప్పగించాడు. ఆ పాటలు ఏథెన్స్ నాటకాలకు నేరుగా తల్లి అనను. కానీ వీరుడి దుఃఖం ముందు, డయొనైసస్ తర్వాత అన్న వరస ఇక్కడ స్పష్టంగా ఉంది. నాటకాల్లో ఈడిపస్, ఏజాక్స్ లాంటి వీరులు ఉండి డయొనైసస్ ఎందుకు లేడన్న ప్రశ్నకు ఇంతకన్నా దగ్గరి జవాబు నాకు కనిపించలేదు.

సూత్రధార:
సిక్యోన్ దగ్గర నేను తగ్గుతాను. ఉత్సవం డయొనైసస్‌ది, కథ వీరులది. ‘పూజలోంచి పుట్టింది’ అన్న మాటను ‘పూజలో చోటు దొరికింది’ అని దిద్దుకుంటున్నాను. డిథిరాంబ్ మాట మాత్రం వదలను: అరిస్టాటిల్ దాన్ని ఊరికే ఊహించి ఉంటాడని ఇప్పటిదాకా ఎవరూ చూపించలేదు.