భీమిలిలో 14 అడుగుల ఫైబర్ పడవకి పాత అవుట్‌బోర్డ్ మోటర్ కొనాలి, ఏం చూడాలి?

గోస్తనీ గాలం:
అందరికీ నమస్కారం. మాది భీమిలి. పోయిన నెల మా చిన్నాన్నగారి పాత ఫైబర్ పడవ నా చేతికొచ్చింది. 14 అడుగులు. ఇన్నాళ్లూ తెడ్లు వేసుకుంటూ గోస్తనీ మొగ దాకా వెళ్లి రావడమే. ఇప్పుడు మోటర్ పెట్టుకుని ఆదివారాలు నేనూ మా బావమరిదీ, ఒక్కోసారి ఇంకొకరూ, రెండు మూడు కిలోమీటర్లు లోపలికెళ్లి గాలం వేసుకుందామని ఆశ. అమ్ముకోవడానికి కాదు, సరదాకే.

కొత్త మోటర్ కొనే స్తోమత లేదు. రెండు పాతవి చూశాను. ఒకటి 15 హార్స్‌పవర్ టూ స్ట్రోక్, రెండు సిలిండర్లు. పెయింట్ మెరిసిపోతోంది. 65 వేలు అంటున్నాడు. నేను వెళ్లేసరికే పెరట్లో నీళ్ల డ్రమ్ములో పెట్టి ఉంచాడు, ఒక్క లాగుకే స్టార్టయింది. రెండోది 8 హార్స్‌పవర్ ఫోర్ స్ట్రోక్. రంగు వెలిసిపోయింది, 80 వేలు. దాన్నింకా స్టార్ట్ చేసి చూడలేదు. మనసు మొదటిదాని మీదే ఉంది. ఆదివారంలోగా అడ్వాన్స్ ఇవ్వాలట, లేకపోతే ఇంకొకాయన తీసుకుంటాడట. అదే టెన్షన్.

సరంగు బాబాయ్:
అడ్వాన్స్ ఇయ్యకు బాబూ. ఆ 'ఇంకొకాయన' నేను హార్బర్‌లో కాలు పెట్టినప్పటి నుంచీ వస్తూనే ఉన్నాడు, ఇప్పటిదాకా ఎవరికీ కనబడలేదు. ఇప్పుడు మార్చి చివర. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం, మోటర్ పెట్టిన పడవలకీ వర్తిస్తుంది. ఈ ఆదివారం కొన్నా నువ్వు గాలం వేసేది రెండు వారాలే. నిషేధంలో పడవలన్నీ ఒడ్డునే ఉంటాయి, చాలామందికి చేతిలో డబ్బులాడవు, అమ్మకానికి మోటర్లు ఇంకా బయటికొస్తాయి. తొందరపడాల్సింది అమ్మేవాడు, నువ్వు కాదు.

అది సరే, పడవ వెనక పలక ఎత్తు కొలిచావా?

గోస్తనీ గాలం:
లేదండి. పలకకి బిగించేదే కదా, ఏ మోటరైనా పట్టదా?

సరంగు బాబాయ్:
పట్టడం వేరు, పని చెయ్యడం వేరు. మోటర్ తగిలించే పలక పైఅంచు మధ్యలోంచి పడవ అడుగు దాకా తిన్నగా టేపు పెట్టు. 15 అంగుళాల దగ్గర్లో ఉంటే షార్ట్ షాఫ్ట్, అంటే కాలు పొట్టిగా ఉండే మోటర్. 20 దగ్గర్లో ఉంటే లాంగ్ షాఫ్ట్, కాలు పొడుగుది. 25 అంగుళాలది కూడా ఉంటుంది, నీ పడవకి అక్కర్లేదు. మోటర్ బిగించాక, నీళ్లని నెట్టే ఫ్యానుకి పైన ఉండే అడ్డ రేకు పడవ అడుగుతో సమానంగానో, ఒక అంగుళం కిందకో రావాలి. 20 అంగుళాల పలకకి షార్ట్ షాఫ్ట్ పెట్టావనుకో, కెరటం మీద వెనకభాగం లేచిన ప్రతిసారీ ఫ్యాను గాలిలో తిరిగి ఇంజన్ గోల పెడుతుంది, పడవ మాత్రం కదలదు. మన ఒడ్డున కెరటం దాటేటప్పుడే కదా అసలు బలం కావాల్సింది! అక్కడే చెయ్యిస్తుంది. ఈ కొలత చూడకుండా కొని, తర్వాత పలక కోయించుకున్నవాళ్లని చూశాను.

ఒడ్డు మెకానిక్:
బాబాయ్ చెప్పింది ముందు చెయ్యి తమ్ముడూ. కొలత సరిపోయాకే మిగతావి.

ఒక్క లాగుకి స్టార్టయిందని మురిసిపోతున్నావు. నువ్వు రాకముందు వాడు ఎన్ని లాగులు లాగాడో నీకు తెలీదు కదా. వేడెక్కిన ఇంజన్ ఎవరు లాగినా స్టార్టవుతుంది. ఈసారి చెప్పకుండా పొద్దున్నే వెళ్లు. వెళ్లగానే పైమూత తీయించి సిలిండర్ హెడ్ మీద చెయ్యి పెట్టు. వెచ్చగా ఉంటే 'మళ్లీ వస్తానన్నా' అని వచ్చెయ్. చల్లగా ఉన్నప్పుడు నీ చేత్తో నువ్వే లాగాలి.

డ్రమ్ములో తిరగడం కూడా పరీక్ష కాదు. దాంట్లో ఇంజన్‌కి బరువే పడదు. గేరు జారిపోయే మోటర్ కూడా డ్రమ్ములో పెళ్లికొడుకులా ఉంటుంది. నీ పడవకే తగిలించి, మొగలో నీళ్లు నిలకడగా ఉన్నచోట, ముగ్గురు కూర్చుని ముప్పావు థ్రాటిల్‌లో ఇరవై నిమిషాలు నడపాలి. గేరు లోపల పళ్లు అరిగిపోయి ఉంటే బరువు పడ్డప్పుడు టక్కుమని న్యూట్రల్‌లోకి జారుతుంది. ఇరవై నిమిషాలయ్యాక ఆపి, ఐదు నిమిషాలుండి మళ్లీ స్టార్ట్ చెయ్యి. చల్లగా ఉన్నంతసేపు బాగా పనిచేసి, వేడెక్కాక స్పార్క్ చచ్చిపోయే కాయిళ్లు చాలా ఉంటాయి. అది ఒడ్డున తెలిస్తే డబ్బు పోతుందంతే. లోపల తెలిస్తే సంగతి వేరు.

గేర్ ఆయిల్ తప్పకుండా చూడు. కింద గేరు బాక్సుకి రెండు స్క్రూలుంటాయి. స్టార్ట్ చెయ్యకముందే, మోటర్ రాత్రంతా నిలబడి ఉన్నప్పుడు, కిందిది కొంచెం వదులు చెయ్యి. నీరు బరువు కాబట్టి ముందు నీళ్ల చుక్కలొస్తే, నీళ్లు లోపలికి రాకుండా ఆపే సీలు పోయినట్టు. ఆయిల్ పాలు కలిపిన టీ రంగులో ఉన్నా అంతే. స్క్రూ చివర అయస్కాంతం ఉంటే దాని మీద సన్నటి ఇనప పొడి మామూలే, ముక్కలు కనబడితే గేర్లు తినేసినట్టు. ఆయన 'స్క్రూ విప్పొద్దు' అంటే నీ జవాబు నీకు దొరికినట్టే.

ఫ్యాను కూడా విప్పి చూడు. మన తీరంలో సీళ్లు పాడయ్యేది ఎక్కువగా వల దారం వల్లే. నైలాను దారం ఫ్యాను వెనక షాఫ్ట్‌కి చుట్టుకుని, వేడికి కరిగి, సీలుని కోసేస్తుంది. బయటికి ఏమీ కనబడదు.

కంప్రెషన్ గేజి, అంటే సిలిండర్ లోపలి ఒత్తిడి కొలిచే మీటరు, ఉన్న మెకానిక్‌ని తీసుకెళ్లు. హార్బర్ షెడ్లలో ఎవరినైనా అడిగి కూలీ ఇస్తే వస్తారు. ప్లగ్గులు రెండూ తీసి, థ్రాటిల్ పూర్తిగా తెరిచి, తాడు నాలుగైదుసార్లు లాగి చూడాలి. టూ స్ట్రోక్‌లో 100 నుంచి 130 పీఎస్ఐ మధ్య వస్తే బాగున్నట్టు. అంకె కన్నా ముఖ్యం, రెండు సిలిండర్లూ దగ్గర దగ్గరగా ఉండాలి. ఒకటి 110, ఇంకోటి 85 వస్తే రింగులో, పిస్టనో పోయిందని అర్థం. అది ఊరికే ఇచ్చినా తీసుకోను నేను.

పెదజాలారిపేట కుర్రాడు:
మెరిసే పెయింట్ గురించి ఎవరూ అనలేదేం? అన్నా, కొత్త పెయింట్ అంటేనే నాకు భయం. నట్ల మీద, స్టిక్కర్ల అంచుల మీద కూడా పెయింట్ పడి ఉందేమో చూడు. మునిగిపోయిన మోటర్‌కి రంగేసి అమ్మడం కొత్త కాదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చి వెళ్లాక మా పేటలో ఇసకలోంచి తవ్వి తీసిన మోటర్లున్నాయి. కొన్ని బాగుచేసి నిజాయితీగా వాడుకున్నారు, కొన్నింటికి రంగు పడింది. పైమూత తీసి ఫ్లైవీల్ కింద, వైర్ల సాకెట్లలో చూడు. తెల్లటి ఉప్పు పొడి, ఇసక, పచ్చబడిన రాగి కనబడితే అది ఒకసారి గంగలో మునిగొచ్చిందే.

అడుగున బిగించి ఉండే జింక్ ముక్క మీద కూడా పెయింట్ వేసేస్తారు. ఉప్పునీరు మోటర్‌ని తినకుండా తను అరిగిపోవాల్సింది అది. దాని మీద రంగేస్తే పనిచెయ్యదు, మోటరే అరుగుతుంది.

లెక్కల మాస్టారు:
నావి నాలుగు అంకెలు. కార్బొరేటర్ ఉన్న 15 హార్స్‌పవర్ టూ స్ట్రోక్ పూర్తి థ్రాటిల్‌లో గంటకి ఇంచుమించు 6 లీటర్లు తాగుతుంది. పైగా ఆయిల్. 50కి 1 పాళ్లంటే 10 లీటర్ల పెట్రోలుకి 200 మిల్లీలీటర్లు. 8 హార్స్‌పవర్ ఫోర్ స్ట్రోక్‌కి గంటకి 3 లీటర్ల లోపే సరిపోతుంది, ఆయిల్ కలపక్కర్లేదు. గాలం వేసేవాడికి గంటలకొద్దీ నెమ్మదిగా నడిపే పని ఎక్కువ, టూ స్ట్రోక్ అక్కడ పొగ పెడుతుంది, ప్లగ్గులు నల్లబడతాయి. నేనైతే ఫోర్ స్ట్రోకే.

ఒడ్డు మెకానిక్:
మాస్టారూ, లెక్క కరెక్టే. కానీ ముగ్గురు ఎక్కి, ఐస్ పెట్టె, ఇంధనం పెట్టుకుంటే 8 హార్స్‌పవర్‌కి ఆ పడవ నీళ్లు దున్నుకుంటూ పోతుందే తప్ప పైకి లేచి పరిగెత్తదు. 15 అయితే ఇద్దరితో లేస్తుంది. మబ్బు పట్టినప్పుడు ఆ తేడా తెలుస్తుంది. టూ స్ట్రోక్ ఎవడైనా విప్పి బిగించగలడు కూడా. బరువంటారా, పాత 15 టూ స్ట్రోక్, 8 ఫోర్ స్ట్రోక్ రెండూ 40 కేజీలకి అటూ ఇటే.

సరంగు బాబాయ్:
ఇద్దరూ ఆగండి. రెండు మూడు కిలోమీటర్లు వెళ్లేవాడికి 8 చాలు. పరిగెత్తాల్సిన వాతావరణంలో అసలు బయల్దేరకూడదు. నీళ్లు ఎటు లాగుతున్నాయో మాత్రం తెలుసుకో బాబూ. ఇప్పుడు మార్చిలో మన తీరం వెంట నీరు ఉత్తరానికి లాగుతుంది. అక్టోబరు దాటాక దక్షిణానికి. మోటర్ ఆగిపోతే ఎటు కొట్టుకుపోతావో దాన్ని బట్టే. తెడ్లు, లంగరు, లైఫ్ జాకెట్లు పడవలోంచి తియ్యకు.

ఇంకో సంగతి. మోటర్ నంబరు రెండుచోట్ల చూడు: పలకకి బిగించే బ్రాకెట్ మీద రేకు, ఇంజన్ దిమ్మ మీద గుండ్రటి బిళ్ల. రెండుచోట్లా ఉంటే ఒకటే కావాలి. రేకు ఊడదీసి ఉంటే దొంగసొత్తని అనుమానించు. పాత బిల్లు అడుగు, లేకపోతే నంబరు వేసి సంతకంతో కాగితం రాయించుకో. పడవ రిజిస్ట్రేషన్ చిన్నాన్న పేరున ఉంటే నీ పేరుకి మార్చే పని మత్స్యశాఖ ఆఫీసులో అడుగు.

గోస్తనీ గాలం:
పలక ఇరవైన్నర అంగుళాలుంది. పొద్దున ఆరింటికే మెకానిక్‌తో మొదటి ఇంటికి వెళ్లాం. షార్ట్ షాఫ్ట్! అక్కడితో అయిపోవాలి, కానీ ఆత్రం కదా, గేర్ ఆయిల్ చూస్తామన్నాం. ఆయన ముఖం ముడుచుకుని ఒప్పుకున్నాడు. ముందు అర చెంచా నీళ్లు, తర్వాత టీ. దండం పెట్టి వచ్చేశాం. ఆ 'ఇంకొకాయన' ఎవరో గానీ, ఆయన క్షేమం కోరుకుంటున్నాను.

రెండోది లాంగ్ షాఫ్టే. హెడ్ చల్లగా ఉంది, అయిదో లాగుకి స్టార్టయింది. రెండు సిలిండర్లూ దగ్గర దగ్గరగానే ఉన్నాయి, గేర్ ఆయిల్ శుభ్రంగా ఉంది. నంబర్లు కలిశాయి. మొగలో ఇరవై నిమిషాలు నడిపాం, గేరు జారలేదు, వేడి మీద రెండో లాగుకే అందుకుంది. ఒకటే లోటు, ఇంజన్‌ని చల్లబరిచి పక్కనుంచి బయటికొచ్చే నీళ్ల ధార సన్నంగా, ఆగి ఆగి వస్తోంది. దాన్ని పట్టుకుని 80 వేల నుంచి 71కి దింపాం. కాగితం రాయించుకుని తెచ్చేశాను.

ఒడ్డు మెకానిక్:
మంచి పని చేశావు. నీళ్ల ధార సరిగ్గా రాకుండా మళ్లీ నడపకు, ఇంజన్ బిగుసుకుపోతుంది. వాటర్ పంపులో రబ్బరు ఇంపెల్లర్ మార్చు, పెద్ద ఖర్చు కాదు. మోటర్ ఎన్నాళ్లు ఖాళీగా పడి ఉంది?

గోస్తనీ గాలం:
ఏడాది పైనే అన్నాడు. ట్యాంకులో పెట్రోలు కూడా అప్పటిదే.

లెక్కల మాస్టారు:
ఆ పెట్రోలు పారబొయ్యి, కార్బొరేటర్ గిన్నె కూడా ఖాళీ చెయ్యి. ఇప్పుడు మన బంకుల్లో దొరికేది 20 శాతం ఇథనాల్ కలిపినది. ఇథనాల్ గాల్లో తేమని పీలుస్తుంది, సముద్రం పక్కన ఇంకా ఎక్కువ. నీరు అడుక్కి చేరి కార్బొరేటర్‌ని తినేస్తుంది, పాత రబ్బరు పైపులు మెత్తబడతాయి. పైపులు మార్చు. ఒక్కో ట్రిప్పుకి సరిపడా కొనుక్కో, నిషేధం రెండు నెలలూ ట్యాంకులో నిల్వ ఉంచకు.

పెదజాలారిపేట కుర్రాడు:
తిరిగొచ్చిన ప్రతిసారీ మంచినీళ్లతో పది పదిహేను నిమిషాలు తిప్పి కడుగు అన్నా. మంచినీళ్లంటే మంచినీళ్లే. ఒడ్డు పక్క ఇళ్లలో బోర్లు ఉప్పగా ఉంటాయి, దాంతో కడిగి 'కడిగాను' అనుకునేవాళ్లున్నారు.

గోస్తనీ గాలం:
పంపు విప్పాం. ఇంపెల్లర్ రెక్కలు మూడు విరిగిపోయి ఉన్నాయి. కొత్తది బిగించేశాం. ఇక రెడీ కదా?

ఒడ్డు మెకానిక్:
విరిగిన ముక్కలు దొరికాయా?

గోస్తనీ గాలం:
రెండు పంపులోనే ఉన్నాయి. మూడోది లేదు.

ఒడ్డు మెకానిక్:
అది దొరికేదాకా నీళ్లలో దింపకు. నీటి దారి వెంట పైకెళ్లి ఎక్కడో అడ్డం పడి ఉంటుంది. పైప్ తీసి ఊది చూడు, ఇంజన్ వేడిని బట్టి నీళ్లని వదిలే థర్మోస్టాట్ మూత విప్పు.

గోస్తనీ గాలం:
థర్మోస్టాట్ కిందే ఉంది, ఉప్పు గడ్డలో ఇరుక్కుని, చింతపిక్కంత. ఇప్పుడు ధార వేలు లావున వస్తోంది.

సరంగు బాబాయ్:
బావుంది. పండగప్పు చేప పడితే ఒక ముక్క మా ఇంటికి.